తొడిమలు ఎవరు తీశారు?

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, గుంటూరు యార్డుకు టిక్కీలనే కొత్త మిర్చి బస్తాలు దిగడం మొదలైన రోజుల్లో, నాకు రెండో బాధ్యత అప్పగించారు. అప్పటికి నేను చిలకలూరిపేట దాటాక హైవే పక్కనున్న ఒక కారం, మసాలా పొడుల కంపెనీలో క్వాలిటీ మేనేజరుని. కస్టమర్ కేర్ చూసే ఆయన మానేసి వెళ్ళిపోవడంతో, కొత్త మనిషి దొరికేదాకా ఆ విభాగాన్ని కూడా చూడమని మా ఎండీ రామకోటయ్య గారు ఉత్తర్వు ఇచ్చారు. కొత్త మనిషి దొరకలేదు. రిటైరయ్యేదాకా ఆ రెండు కుర్చీలూ నావే.

బయటివాళ్ళకు కారం కంపెనీ అంటే మర, ప్యాకింగు మాత్రమే కనిపిస్తాయి. లోపల పని అంతకంటే పొడుగు. యార్డులో కొన్న కాయ కోల్డ్ స్టోరేజికి వెళ్తుంది. అక్కడినుంచి అవసరానికి తగ్గట్టు బయటికి తీసి, తొడిమలు తుంచి, రంగు పోయిన తాలు కాయ ఏరి, అప్పుడు మరకు పంపుతారు. తొడిమ ఉంటే కారం రంగు దిగిపోతుంది, రుచి మారుతుంది. యంత్రాలు లేకపోలేదుగాని మంచి రకాలకు ఇప్పటికీ ఆడవాళ్ళ చేతులే గతి. మా దగ్గర ఆ పని ఒక కాంట్రాక్టరు కింద, ప్లాంటు ప్రహరీ వెనకున్న ఖాళీ స్థలంలో జరిగేది. మా పరీక్షలన్నీ తొడిమ తీసిన కాయ గేటు లోపలికి వచ్చాకే మొదలయ్యేవి. తేమ ఎంత, రంగు ఎంత, ఘాటు ఎంత అని చూసి సంతకం పెట్టేవాళ్ళం. గేటు అవతల జరిగేది కాగితం ప్రకారం మాది కాదు.

కస్టమర్ కేర్ పని కూడా అలాగే గళ్ళు గీసిన పని. ప్యాకెట్ వెనక బ్యాచ్ నెంబరు, ఫోన్ నెంబరు ఉంటాయి. ఫోన్ వస్తే ముందు అది విచారణా, ఫిర్యాదా అని తేల్చాలి. విచారణకు జవాబు చెబితే అక్కడితో సరి. ఫిర్యాదైతే మాత్రం కారణం వెతకాలి, దిద్దుబాటు చర్య ఏమిటో రాయాలి, అదే ఫిర్యాదు పదేపదే వస్తుంటే ఎండీ స్వయంగా కూర్చునే సమీక్షా సమావేశానికి పంపాలి. ఫిర్యాదులకు మాకు అయిదు శీర్షికలు ఉండేవి: రంగు, ఘాటు, తూకం, ప్యాకింగు, కల్తీ అనుమానం. ఈ అయిదింటిలో ఇమడని ఫోను అప్పటిదాకా రాలేదని పాతవాళ్ళు చెప్పారు.

మార్చి మొదటి వారంలో వచ్చింది. చేసినావిడ పేరు రూతమ్మ. చిలకలూరిపేటలో ప్రభుత్వ బడి టీచరుగా చేసి రిటైరయ్యారు, వాళ్ళ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. బ్యాచ్ నెంబరు తప్పులేకుండా చదివి వినిపించి, పాఠం అడిగినట్టు అడిగారు.

"ఈ కారానికి తొడిమలు ఎవరు తీశారండీ? ఎక్కడ కూర్చుని తీశారు?"

ఫోన్ తీసిన అమ్మాయి తెల్లబోయి నాకు ఇచ్చింది. తెలుసుకుని చెబుతానన్నాను. మర్యాద కోసం చెప్పిన మాట కాదు, నాకు నిజంగానే తెలియదు. ఎందుకు అడుగుతున్నారో కూడా ఆవిడే చెప్పారు. మా వెనక స్థలంలో పనిచేసే ఆడవాళ్ళలో చాలామంది వాళ్ళ చర్చి సంఘంవాళ్ళే. వాళ్ళలో మరియమ్మ అనే ఆవిడ ఆదివారం ఆరాధన మధ్యలో స్పృహ తప్పి పడిపోయింది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఒక్క గుక్క నీళ్ళు తాగక మూత్రంలో ఇన్ఫెక్షన్ ముదిరిందని డాక్టరు తేల్చారు. తాగితే వెళ్ళడానికి చోటు లేదు, అందుకని ఆ ఆడవాళ్ళెవరూ పనిలో నీళ్ళు ముట్టరు. పైగా తుంచిన తొడిమలు, తాలు, దుమ్ము అంతా పోగేసి సాయంత్రం తగలబెడుతుంటే ఆ పొగకు పక్క కాలనీ మొత్తం దగ్గుతోంది.

కాంట్రాక్టరును అడిగితే, ఇష్టమైతే రండి లేకపోతే మానండి అన్నాడట. కంపెనీకి చెప్పుకుందామని వస్తే, మీరు కంపెనీ మనుషులు కాదని గేటు దగ్గరే తిప్పి పంపారట. ఆ తర్వాత రూతమ్మ గారు అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"కూలీలుగా వస్తే గేటు దాటనివ్వలేదండి. కొనేవాళ్ళుగా మాట్లాడదామని ప్యాకెట్ తిప్పి చూశాను. మీ నెంబరు దొరికింది."

ఆ మధ్యాహ్నమే ప్రహరీ వెనక్కి వెళ్ళాను. నాలుగు కర్రల మీద చిరుగుల టార్పాలిన్లు. వాటికింద సగం నీడ, సగం ఎండ. కాళ్ళు చాపుకుని ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు, ముక్కుకు అడ్డంగా చెంగు. చేతులకు కొబ్బరినూనె రాసుకున్నారు, అయినా వేళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. ముప్పై ఏళ్ళకు పైగా మిర్చి ఘాటు పరీక్షించినవాణ్ణి. నేనే అక్కడ కాసేపు నిలబడలేక తుమ్ముతూ పక్కకు వచ్చాను. మరియమ్మ మళ్ళీ పనిలోనే ఉంది. జ్వరం తగ్గిందా అని అడిగితే, తగ్గింది సార్, ఇప్పుడు పొద్దున్నే ఇంటి దగ్గర చెంబెడు తాగి వస్తున్నాను అంది. డాక్టరు చెప్పిన వైద్యంలో తను పాటించగలిగింది అంతవరకే.

రూతమ్మ గారికి చూసింది చూసినట్టే ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ థాంక్స్ చెప్పి, "నిజం చెప్పారు కాబట్టి ఇంక అందర్నీ మిమ్మల్నే అడగమంటాను" అన్నారు.

అన్నట్టే చేశారు. పేటలో సమాజం ఆడవాళ్ళు మొదలుపెట్టారు, తర్వాత పొన్నూరు, ఆ తర్వాత ఒంగోలు. స్కూలు టీచర్లు, నర్సులు, మిషను కుట్టేవాళ్ళు, బ్యాంకులో పనిచేసే అమ్మాయిలు. చర్చితో సంబంధం లేని ఇళ్ళనుంచి కూడా ఫోన్లు వచ్చాయి. వాట్సాప్‌లో తిరిగిన సందేశం నాకూ ఎవరో పంపారు. తిట్టు లేదు, ఆరోపణ లేదు, కొనొద్దన్న పిలుపు కూడా లేదు. ప్యాకెట్ వెనక నెంబరుకు ఫోన్ చేసి ఈ రెండు ప్రశ్నలూ అడగండి, వచ్చిన జవాబు పక్కింటావిడకు చెప్పండి, అంతే. అందరిదీ ఒకటే ప్రశ్న కావడంతో మా ఫోన్ దగ్గర అమ్మాయి 'తొడిమలు' అన్న మాట వినగానే కాల్ నాకు కలపడం అలవాటు చేసుకుంది.

ఇక్కడే మార్కెటింగ్ మేనేజరు శ్రీనివాస్‌తో నాకు పేచీ వచ్చింది. హోదాలో ఇద్దరం సమానం, పలుకుబడిలో ఆయన పైన. సరుకులో లోపం లేదు కాబట్టి ఇవన్నీ విచారణలే, జవాబిచ్చి మూసేయండి అన్నారు. ఆయన వాదన పూర్తిగా తప్పని అనలేను, మా మాన్యువల్ కూడా సరుకు గురించే మాట్లాడుతుంది. కాని అదే మాన్యువల్ మొదటి పేజీలో, కొనేవాడు ఏది ముఖ్యమని చెబుతాడో అదే నాణ్యత అని రాసి ఉంది. ఆ పేజీ తయారు చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. వందలమంది ఒకే సంగతి ముఖ్యమంటుంటే దాన్ని విచారణ అనడం కుదరదన్నాను. ఫిర్యాదుల పట్టికలో ఆరో శీర్షిక చేర్చాను. దానికి 'ముడిసరుకు తయారీలో పరిస్థితులు' అని పేరు పెట్టాను. శీర్షిక చేర్చే అధికారం క్వాలిటీ మేనేజరుకే ఉంది. దాన్ని తీసెయ్యాలంటే ఎండీ సంతకం కావాలి.

"వలి గారూ, రిటైరై పోయే ముందు కంపెనీ మీద ఈ బండ ఎందుకు వేస్తున్నారు?" అన్నారు శ్రీనివాస్.

"నేను వెయ్యలేదండి. ఫోన్ చేసినవాళ్ళు వేశారు. నేను ఎత్తి పట్టికలో పెట్టాను, అంతే" అన్నాను.

ఆయన తన పద్ధతిలో తాను ప్రయత్నించారు. ఫోన్ చేసిన ప్రతి ఇంటికీ ఒక బహుమతి ప్యాకెట్, దానితో ఒక స్టీలు చెంచా పంపించారు. వారం తిరక్కుండా ఆ ప్యాకెట్లు సీలు విప్పకుండా కిరాణా కొట్లకు చేరాయి. చెంచాలతో సహా. మా ఏజెంట్లు వాటిని అట్టపెట్టెల్లో సర్ది మాకే పంపారు. గోడౌను ఇన్‌చార్జి వాటిని ఏ పద్దులో చూపించాలో తెలియక నన్ను అడిగాడు. తిరిగి వచ్చిన సరుకు అని రాయమన్నాను.

ఏప్రిల్ వచ్చింది. మా జిల్లాల్లో కారం కంపెనీకి ఏప్రిల్, మే నెలలు పండగ. ఆవకాయ కోసం ప్రతి ఇంటివాళ్ళూ ఏడాది మొత్తానికి కొనే కారంలో పెద్ద భాగం అప్పుడే కొంటారు. సరిగ్గా అప్పుడు రూతమ్మ గారు ఫోన్ చేసి, చర్చి ఆవరణలో శనివారం కారం పని పెట్టుకున్నామని, వీలైతే వచ్చి చూడమని పిలిచారు.

వెళ్ళాను. చర్చి పక్కనున్న రేకుల హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఎండుమిరపకాయల బస్తాలు విప్పి పోసుకుని చుట్టూ ఆడవాళ్ళు కూర్చున్నారు. పాస్టరు గారి భార్య, ఇద్దరు హైస్కూలు టీచర్లు, ఆస్పత్రి హెడ్ నర్సు, బజార్లో బిర్యానీ హోటలు నడిపే మా బంధువుల కోడలు నసీమా, ఇంకా నాకు తెలియనివాళ్ళు చాలామంది. ఈ ఏడు ఆవకాయకు కారం కొనకుండా, తొడిమలు తామే తీసి మర ఆడించుకోవాలని వాళ్ళ నిర్ణయం. ఎలా తుంచాలో మరియమ్మ చూపిస్తోంది. పక్కనే మంచినీళ్ళ క్యాను, వెనక మరుగుదొడ్డి, పైన నీడ. మా వెనక స్థలంలో లేనివన్నీ అక్కడ ఉన్నాయి. అయినా మధ్యాహ్నానికి అందరి వేళ్ళూ మండిపోయాయి. హెడ్ నర్సు రెండు చేతులూ మజ్జిగ గిన్నెలో పెట్టుకుని కూర్చుంది. నసీమా నన్ను చూసి, "బాబాయ్, ఒక్కపూటకే నాకు ఏడుపొస్తోంది. వీళ్ళు రోజూ ఎట్లా చేస్తున్నారు?" అంది. ఆ ప్రశ్ననూ ఆరో శీర్షిక కింద రాసుకున్నాను. జవాబు చెప్పాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే కాదు.

ఆ శనివారం తర్వాత ఫోన్ల స్వభావం మారిపోయింది. అంతకు ముందు ప్రశ్న అడిగి ఊరుకునేవాళ్ళు. ఇప్పుడు తమ చేతుల సంగతి చెబుతున్నారు. రాత్రి అన్నం కలపలేకపోయామని, చంటిపిల్లను ముట్టుకోడానికి భయపడ్డామని. ఒంగోలు, పొన్నూరు చర్చిల్లో, రెండు అపార్టుమెంట్ల సెల్లార్లలో అలాగే కూర్చుని తీశారు. కొత్తపట్నం వైపు చేపలు ఎండబెట్టే ఊళ్ళకు కారం వేసే మా ఏజెంటు, ఈసారి సరుకు సగం చాలని కబురు పెట్టాడు. ఒంగోలు ఏజెంటు అసలు బండే పంపొద్దన్నాడు.

ఏప్రిల్ ఆఖరున సమీక్షా సమావేశం జరిగింది. రంగు, ఘాటు, తూకం గురించి ఆ నెల మాట్లాడటానికి ఏమీ లేదు. ఆరో శీర్షిక ఒక్కటే మిగిలింది. రామకోటయ్య గారు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. తండ్రి పెట్టిన పిండి మరను ఇంత చేసినవారు, సరుకులో కల్తీ అంటే ససేమిరా ఒప్పుకోనివారు. నేను చెప్పిందంతా విని, ఈ ఏజెంట్లు ఆగిపోవడం ఎన్నాళ్ళుంటుందని శ్రీనివాస్‌ను అడిగారు. ఆవకాయలు అయిపోతే సద్దుమణుగుతుందని శ్రీనివాస్ అన్నారు. ఎండీ నావైపు తిరిగారు. ఇవాళ పేటలో టీచరు అడిగిన ప్రశ్నే రేపు మన ఎగుమతి సరుకు తీసుకునే విదేశీ కొనుగోలుదారు ఆడిట్‌కు వచ్చి అడుగుతాడు, అప్పుడు జవాబు లేకపోతే ఆగేది బండి కాదు, ఓడ అన్నాను. ఆయన ఆ టీచరమ్మను పిలిపించండి అన్నారు.

రూతమ్మ గారు మరియమ్మను, నసీమాను వెంటబెట్టుకుని వచ్చారు. శ్రీనివాస్ మర్యాదగానే మొదలుపెట్టారు. తొడిమ తీసేవాళ్ళు కాంట్రాక్టరు మనుషులని, చట్టరీత్యా వాళ్ళ బాగోగులు అతనివేనని వివరించారు. రూతమ్మ గారు చేతిసంచిలోంచి మా ప్యాకెట్ తీసి బల్ల మీద పెట్టారు.

"దీనిమీద కాంట్రాక్టరు పేరు ఎక్కడుందో చూపించండి బాబూ. నేను చదివినంతవరకు మీ కంపెనీ పేరే ఉంది. నేను డబ్బిచ్చి కొన్నది ఈ పేరునే."

ఎండీ గారు మరియమ్మను ఏం కావాలమ్మా అని అడిగారు. ఆవిడ లేచి నిలబడబోతే, కూర్చునే చెప్పమన్నారు. నీడ, నీళ్ళు, దొడ్డి, చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ, చెత్త తగలబెట్టకుండా ఉండటం. అడిగినవి అంతే. ఇంత చిన్నవాటికి ఇంత గొడవా అని ఆయన మొహంలో కనిపించింది. చేయిస్తాను, వానాకాలం దాటాక పని మొదలుపెడదాం అన్నారు.

రూతమ్మ గారు ఒప్పుకోలేదు. ఎండలు ఇప్పుడున్నాయి కాబట్టి నీడ ఇప్పుడే కావాలన్నారు. ఇంకోమాట కూడా అన్నారు. షెడ్డు వేశారని మేం చూడాలి, వేశాక అందులోనే కూర్చోబెడుతున్నారని కూడా చూడాలి, చెప్పకుండా ఏ రోజైనా వచ్చి చూస్తాం. అక్కడ ఎండీ గారు బిగుసుకున్నారు. బయటివాళ్ళు ఎప్పుడుపడితే అప్పుడు ఫ్యాక్టరీలోకి రావడమా? ఇన్‌స్పెక్టర్లు కూడా ముందు కబురు చేసే వస్తారన్నారు. మాట అక్కడ తెగేలా ఉంది. అందరికంటే ముందు మరియమ్మ మొహం వాడిపోయింది.

ఆ సమయంలో నేను ఒక మార్గం సూచించాను. మా దగ్గర విజిటర్ పాస్ పద్ధతి ఎటూ ఉంది. మా ప్యాకెట్ చేతిలో పట్టుకుని వచ్చిన ఎవరికైనా, పని వేళల్లో తొడిమల షెడ్డు వరకు ఆ ప్యాకెట్‌నే పాస్‌గా ఒప్పుకుందాం, మర దగ్గరికీ ల్యాబ్‌కూ మాత్రం వద్దు అన్నాను. రామకోటయ్య గారు ప్యాకెట్‌ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. వ్యాపారి బుర్ర ఆయనది. చూడటానికి రావాలన్నా ముందు కొనాలి కదా అని నవ్వారు. ఆ మీటింగులో నవ్వు అదే మొదటిది.

"సరే టీచరమ్మ గారూ. షెడ్డు లేచిన రోజు మీరు కొంటారా మరి?"

"కొనడమే కాదండి. ఎవరెవరిని అడగమని చెప్పానో వాళ్ళందరికీ కొనమని కూడా చెప్తాను" అన్నారావిడ.

రోహిణి కార్తె రాకముందే షెడ్డు లేచింది. పైన రేకులు, కింద సిమెంటు గచ్చు, కూర్చోడానికి ఎత్తు బల్లలు, ఘాటు బయటికి లాగేసే ఫ్యాన్లు. దాన్ని ఆనుకుని మరుగుదొడ్లు, చల్లటి నీళ్ళ మిషను. గ్లవ్స్ మొదటి రకం తొడుక్కుంటే తొడిమ చేతికి చిక్కడం లేదని ఆడవాళ్ళు పక్కన పడేశారు. రెండో రకం పలచటివి తెప్పించాం, అవి కుదిరాయి. తొడిమల చెత్తను కంపోస్టు చేసేవాళ్ళకు అప్పగించాం. కాంట్రాక్టరు కొత్త షరతులకు మొదట మొండికేసి, తర్వాత సంతకం పెట్టాడు. గుర్తింపు కార్డుల మీద మా కంపెనీ పేరు వేయించడం నా పట్టుదల. ఫోటో దిగేటప్పుడు మరియమ్మ చెంగు సర్దుకోవడానికి చాలాసేపు తీసుకుంది. నీళ్ళ మిషను పెట్టిన తొలి రోజున ఆవిడ రెండు గ్లాసులు వరసగా తాగడం నేను చూశాను.

మొదటి తనిఖీకి రెండు ఆటోల నిండా వచ్చారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ప్యాకెట్. మార్చిలో ఆ ఆడవాళ్ళను వెనక్కి పంపిన గేటు దగ్గరే వాటిని ఎత్తి చూపించి లోపలికి నడిచారు. షెడ్డంతా కలియదిరిగారు, దొడ్ల తలుపులు తీసి చూశారు, ఒక ట్యాపు కారుతోందని చెప్పారు. బాగు చేయించాం. ఆ సాయంత్రమే వాట్సాప్‌లో కొత్త సందేశం బయల్దేరింది: చూసి వచ్చాం, చెప్పినవన్నీ చేశారు, ఇక కొనండి. మాగాయ, తొక్కు పచ్చడి పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి సీజను చివరి అమ్మకాలు మాకు దక్కాయి. బండి పంపొద్దన్న ఒంగోలు ఏజెంటు రెండు బళ్ళు అడిగాడు. శ్రీనివాస్ స్వయంగా నా గదికి వచ్చి, ఆరో శీర్షికను మాన్యువల్‌లో శాశ్వతం చేసే కాగితం మీద తన సంతకం కూడా పెడతానన్నారు. పెట్టారు.

ఆ తర్వాతి ఏడు హైవే మీది మిగతా కారం కంపెనీలకు అవే ఫోన్లు వెళ్ళాయి. ఇద్దరు మా దగ్గరికి మనిషిని పంపి షెడ్డు కొలతలు అడిగారు. రామకోటయ్య గారు ఇమ్మన్నారు. ఒక కంపెనీ ఫోన్ నెంబరే మార్చేసింది. దాని ప్యాకెట్లు మా పేట కొట్లలో ఇప్పుడు కనిపించవు.

నా వృత్తిలో నాణ్యత అనేది పరికరంతో కొలిచేదని చాలాకాలం అనుకున్నాను. కొనేవాళ్ళు ఏది అడుగుతారో దాన్నే కంపెనీ కొలుస్తుందని ఆ ఏడాది అర్థమైంది. అడగడానికి కూడా ఒక పద్ధతి ఉంది. మీరు మంచివాళ్ళేనా అని అడిగితే ప్రతి కంపెనీ అవుననే చెబుతుంది. తొడిమలు ఎక్కడ కూర్చుని తీశారని అడిగితే ఎవరో ఒకరు లేచి వెళ్ళి చూసి రావాలి. చాలామంది, ఒకే మాట, కొనే వేళకు అడగాలి. జవాబును నమ్మి ఊరుకోకుండా వెళ్ళి చూడాలి. చివరిది చాలామంది మరిచిపోయేది. కొనడం మానడం సగం పని మాత్రమే, మారినవాడి దగ్గర తిరిగి కొనడం మిగతా సగం. రూతమ్మ గారి సమాజం ఆ రెండో సగం కూడా మాట తప్పకుండా చేసింది. మా కంపెనీలో ఆ షెడ్డు ఈ రోజుకీ నడవడానికి కారణం అదే.